సీటు కింద నలభై మూడు బొట్లు

భూమయ్య కోపం ట్రాక్టర్ మీద కాదు, ఎహసాన్ నోటి మీద. అల్ ఖౌద్‌లో షెడ్డు నడుపుకునే ఆ మెకానిక్ వచ్చి గంట కాలేదు, ఇరవై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి పరువు తీసేశాడు.

సీబ్‌లో విల్లాల వెనక ఉన్న ఖర్జూరపు తోటలో అదొక చిన్న ట్రాక్టర్. చెట్ల వరసల మధ్య దూరిపోయేటంత చిన్నది. దాన్ని నడిపేది, తుడిచేది, మొరాయిస్తే బుజ్జగించేది భూమయ్యే. జగిత్యాల దగ్గర్నించి కుర్రాడుగా ఈ అరబ్బు దేశానికి వచ్చిన అతనికి ఈ తోటలోనే తల నెరిసింది. యజమాని పెద్ద అర్బాబ్ పోయాక కొడుకు హమూద్ అర్బాబ్ అయ్యాడు. శుక్రవారం పాత బండ్ల ప్రదర్శనలో దీన్ని పెట్టాలని అతని సరదా. ఫారంలో రెండు ప్రశ్నలున్నాయి. బండి ఏ ఏడాదిది, ఇంజన్ మొదటిదేనా. అందుకే ఎహసాన్‌ను పిలిపించాడు.

ఎహసాన్ కిందికి దూరి, ఇరుసు మీద పోతపోసిన అంకెలు చదివాడు. ఎనభై రెండు. ఇంజన్ నంబరు ఫోన్‌లో వెతికాడు. ఎనభై ఏడు.

"ఇంజన్ ఐదేళ్లు చిన్నది. అసలుది ఎవరో అమ్ముకుని, పాత సామాన్లలో దొరికింది బిగించారు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

హమూద్ భూమయ్య వైపు తిరిగాడు. "మా నాన్న మంచాన పడ్డ నాలుగేళ్లూ దీన్ని ముట్టింది నువ్వొక్కడివే కదా?"

భూమయ్యకు ఒళ్లు మండిపోయింది. దొంగ అనలేదు గానీ, అనకుండా మిగిల్చిందేముంది? ఆ నాలుగేళ్లూ ఆ పెద్దాయన ఒళ్లు తుడిచింది కూడా ఈ చేతులే. అది గుర్తు రాలేదు కొడుక్కి.

"నేనచ్చేటాళ్లకే గీ ఇంజనుండె, అర్బాబ్."

"రుజువేది?"

అంతలో ఎహసాన్ సీటు పైకెత్తాడు. అడుగున ఎర్ర చుక్కలు. రంగు చింది మరకలయ్యాయనుకుని, గీకి చూద్దామని స్క్రూడ్రైవర్ తీశాడు. భూమయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్. అవి బొట్లు."

భూమయ్యను ఇక్కడికి రప్పించింది అప్పటికే ఈ తోటలో పనిచేస్తున్న మేనమామ నర్సింగ్. ట్రాక్టర్ కొత్తగా దిగిన ఏడాది, ఊళ్లో దసరాకు పనిముట్లకు పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టాడాయన. నూనె పట్టిన ఇనుము మీద కుంకుమ నిలవదు. గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగులో అగ్గిపుల్ల ముంచి, ఎవరి కంటా పడని చోట పెట్టాడు. పెద్ద అర్బాబ్ చూసి నవ్వి ఊరుకున్నాడు. ఏడాదికొకటి, పాతది చెరపకుండా. నర్సింగ్ ఊరికి పోయాక భూమయ్య అందుకున్నాడు, ఒక్క ఏడాదీ తప్పలేదు.

"లెక్కవెట్టు," అన్నాడు ఎహసాన్‌తో.

మొదటివి నల్లబడిపోయాయి, చివరివి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నలభై మూడు. నిరుటి దసరా నుంచి వెనక్కి పోతే లెక్క సరిగ్గా ఎనభై రెండు దగ్గర ఆగింది.

"ఇగ ఇంజన్ ఎనక సూడు. కొత్త ఇంజన్ అచ్చిన్నాడు మా మామ దానికి అలగ్ వరస మొదలువెట్టిండు."

వేడి తగలని మూలన ఇంకో వరస. ముప్పై ఎనిమిది. ఎనభై ఏడు. అప్పటికి హమూద్ పుట్టనే లేదు. భూమయ్య జగిత్యాల దగ్గర బడిలో పలక మీద రాసుకుంటున్నాడు. ఎహసాన్ తల దించుకుని పానాలు సంచిలో వేసుకోసాగాడు.

హమూద్ ముఖం వెలిగిపోయింది. చుక్కలకు ఫోటో తీశాడు. "అంటే ఇంజన్ మా నాన్నే మార్పించారన్నమాట," అంటూ ఫారం నింపాడు. "సరే భూమయ్యా, ఇక ఆ మరకలు గీకేసి రంగు వెయ్యి. శుక్రవారానికి మెరిసిపోవాలి."

అంతే. ఇందాకటి మాటకు తప్పైందన్న ముక్క లేదు. భూమయ్య సిగ్గు విడిచి కాసేపు ఎదురుచూశాడు కూడా. హమూద్ ఫోన్‌లో ఫోటోలు చూసుకుంటున్నాడు.

భూమయ్య వెళ్లి ఎహసాన్ చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. తెచ్చి హమూద్ చేతిలో పెట్టాడు.

"ఆఖర్నించి ఇరవై ఒకటి నేను వెట్టినయి, అర్బాబ్. దొంగ వెట్టినయి గదా, ముందుగాల అవే గీకుండ్రి."