కొంగున కట్టిన ప్లగ్గు

గడ్డి కోసే మిషను ఆగిపోతే చాలు, హైమ ముందు దాని స్పార్క్ ప్లగ్గు ఊడదీసి కొంగున ముడివేసుకుంటుంది. నిరుడు రొయ్యల చెరువులో, ఆగి ఉందనుకున్న ఏరేటర్, నీళ్లు చిలికే చక్రం, ఒక్కసారిగా తిరిగి భర్త శ్రీనివాసరాజు చిటికెన వేలు తెంపేసింది. అప్పటినుంచీ ఆగిన మిషనంటే ఆవిడకు నమ్మకం లేదు.

ఇవాళ ఆయన మిషను పక్కకు ఒరగేసి, బ్లేడుకు చుట్టుకున్న తడిగడ్డిని పుల్లతో గీకుతున్నారు. పుల్ల విరిగింది. చెయ్యే లోపలికి పెట్టారు. హైమ కొంగుముడి గట్టిగా పట్టుకుంది.

"ప్లగ్గు నీ కొంగునుంటే ఎలా తిరుగుతుందే?"

"ఏరేటరూ తిరగదనే అన్నారండి."

గడ్డి అంతా ఊడొచ్చింది. "ఇక ప్లగ్గు ఇవ్వు," అన్నారు.

"ముందు చేతులు చూపించండి."

ఆయన విసుక్కుంటూనే చాపారు. తొమ్మిదీ లెక్కపెట్టాకే ఆవిడ ముడి విప్పింది.