గదికొక టైంపీసు

హోటల్ గదిలో మంచం పక్కన గడియారం ఉండాలా వద్దా అని ఎవరైనా నా ముందు వాదన మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. చేతికి వాచీ ఉంది కదా, అదెందుకు దండగ అంటారు కొందరు. ఇంతింత అద్దె తీసుకుని ఒక గడియారం పెట్టలేడా అంటారు ఇంకొందరు. గడియారం వచ్చాక గదిలోంచి ఏం పోయిందో వీళ్లలో ఒక్కడికీ తెలియదు. నాకు తెలుసు. డెబ్బైల చివరి నుంచి ఎనభైల నడుమ దాకా, వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక లాడ్జి గదిలో, ఏటా పత్తి సీజనంతా నేను ఒంటరిగా బతికాను.

నేను ఒక మిల్లు తరఫున పత్తి కొనేవాణ్ణి. దసరా దాటాక వచ్చి దిగితే ఎండలు ముదిరేదాకా అక్కడే. తెల్లారకముందే లేచి ప్యాసింజరు బండి పట్టుకుని కేసముద్రం యార్డుకు పోవాలి. రైతులు తెచ్చిన పత్తి బోరాల్లో చెయ్యి పెట్టి, దూది పింజ లాగి చూసి, ధర పలకాలి. అక్కడ రోజంతా గొంతు చించుకునేవాణ్ణి. సాయంత్రం లాడ్జికి వచ్చాక మాత్రం మాట్లాడడానికి మనిషి ఉండేవాడు కాదు. పక్క గదిలో ఎవరైనా రేడియో పెడితే గోడకు చెవి ఆనించి వార్తలు వినేవాణ్ణి. వార్తల మీద ఇష్టం ఉండి కాదు.

పెళ్లయిన రెండో ఏడే నా భార్య కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. హైదరాబాద్‌లో నాకొక అద్దె గది ఉండేది, దానికొక తాళం ఉండేది, అంతే. ఈ ఊళ్లు తిరిగే ఉద్యోగం మాకొద్దంటే మాకొద్దని అందరూ తప్పుకుంటే నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ గదిలో ఉండక్కర్లేదు కదా. లాడ్జిలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అయ్యో పాపం అనే చూపులు నాకు పడవు.

లాడ్జి కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన వరండాలు, వరుసగా గదులు. దుకాణమూ లాడ్జీ ఒకే కుటుంబానివి. కొడుకును అందరూ సేటు అనేవాళ్లు, తండ్రిని పెద్ద సేటు. వ్యాపారమంతా కొడుకు చేతిలో పెట్టేశాక పెద్ద సేటు తనకోసం ఒక్క పని అట్టిపెట్టుకున్నాడు. పొద్దున్నే బండి అందుకోవాల్సిన వాళ్లను నిద్ర లేపడం. దీపాలు పెట్టే వేళకు చేతికర్ర పట్టుకుని గది గదికీ వచ్చి, "పొద్దుగాల ఏ బండి బిడ్డా?" అని అడిగి పోయేవాడు. తెల్లవారుజామున తలుపు మీద కర్రతో రెండు దెబ్బలు పడేవి.

"లెవ్వు బిడ్డా, లెవ్వు. బండి నీకేమన్న మేనమామనా, నీ కోసం ఆగెతందుకు?"

"లేచాను పెద్ద సేటూ."

"లేసినోని గొంతు గిట్లుంటదా? తలుపు తీసి మొకం సూపియ్యి."

తలుపు తీసి ముఖం చూపిస్తే గానీ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

ఆయన పనిలో లోపం లేదని నేననను. బండికి పోవాల్సినవాణ్ణి గంట ముందే లేపి, స్టేషన్‌లో చలికి గడ్డకట్టించేవాడు. అప్పుడే బస్సు దిగి పడుకున్నవాణ్ణి వేరేవాడనుకుని లేపేవాడు. ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట తలుపు బాదాడు. మేం ఏ బండికీ పోవడం లేదు మొర్రో అని లోపలి నుంచి పెళ్లికొడుకు అరిస్తే, "పోకుంటె మాయె, సల్లగ పండుండ్రి" అని దీవించి పక్క గదికి వెళ్లాడు. అందరూ నవ్వుకున్నారు, సేటు తప్ప. గిరాకీ పోతుందని సేటు ఫికర్ సేటుది.

నేను కూడా పైకి విసుక్కునేవాణ్ణి. ఏం గోల పెద్దమనిషీ ఇది అనేవాణ్ణి. లోపలి మాట వేరు. ఆ రోజుల్లో నా తలుపు దగ్గరికి నా కోసమే వచ్చి, నేను లేచానో లేదో అని నిలబడి చూసే మనిషి భూమ్మీద ఆయన ఒక్కడే. చాలా రోజులు నాకు ముందే మెలకువ వచ్చేసేది. అయినా కళ్లు మూసుకుని అలాగే పడుకునేవాణ్ణి. మొదటి పిలుపుకు పలికేవాణ్ణి కాదు. పలికితే రెండోసారి పిలవడు కదా. ముప్పై అయిదేళ్లు దాటిన మగవాణ్ణి, చంటిపిల్లాడిలా దొంగనిద్ర పోయేవాణ్ణి.

ఒక ఏడు నేను సీజనుకు వచ్చేసరికి గదిలో మంచం పక్కన కొత్త స్టూలు, దాని మీద ఆకుపచ్చ టైంపీసు కనిపించాయి. సరుకు కొనడానికి బొంబాయి వెళ్లిన సేటు అక్కడి పెద్ద హోటల్లో చూసి వచ్చాడట. గదికొకటి చొప్పున తెప్పించాడు. గిరాకీలు సంచీలో వేసుకుపోతారని ఒక్కోదాన్నీ ఇనుప తీగతో స్టూలుకు కట్టించాడు కూడా.

"చావి ఇచ్చి, ముల్లు పెట్టుకున్నరనుకోండ్రి, దాని టైముకు అదే కొడ్తది సార్. ఇగ మా బాపుతోని మీకు లొల్లి ఉండది" అన్నాడు, పెద్ద మేలు చేసినవాడిలా.

నేను ఏమనాలి? బాగుంది అన్నాను.

మర్నాడు అది మోగింది. తగరపు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది. ఉలిక్కిపడి లేచి దాని నెత్తిన ఒకటి కొడితే ఊరుకుంది. అంతే. దానికి జవాబు చెప్పక్కర్లేదు, ముఖం చూపించక్కర్లేదు. తయారై తాళం వేసి వస్తుంటే వరండా చివర పెద్ద సేటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అలవాటు కొద్దీ తెల్లారకముందే నిద్ర లేచాడు, చేసేందుకేమీ లేదు.

"డబ్బ లేపిందా?" అని అడిగాడు.

"లేపింది."

"మొకం సూసిందా?"

నవ్వేసి మెట్లు దిగాను గానీ, యార్డులో ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. మధ్యాహ్నం ఒక రైతు మీద ఊరికే కస్సుమన్నాను. ఆ ఒక్క పిలుపు కూడా లేకపోతే ఈ ఊళ్లో నేనున్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపించింది. ఎంత పిచ్చి ఆలోచన అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే పోయే దిగులు కాదది.

కొన్నాళ్లు ఓర్చుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం కౌంటరు దగ్గరికి పోయి, టైంపీసు మోగడం లేదని చెప్పాను. సేటు మారు మాట్లాడకుండా వేరేది కట్టించాడు. అదీ మోగడం లేదన్నాను. ఈసారి స్టూలుతో సహా కిందికి తెప్పించి, చావి ఇచ్చి, నా కళ్లముందే మోగించాడు. దుకాణంలో గిన్నెలు బేరమాడుతున్న ఆడవాళ్లు కూడా తిరిగి చూశారు.

"మంచిగనే కొడ్తాంది గద సార్!"

"ఇక్కడ మోగుతుంది. నా గదిలోకి వస్తే మోగడం లేదు. నన్నేం చేయమంటావు?"

సేటు నన్ను ఎగాదిగా చూశాడు. "గట్లయితె ఓసారి దవాఖానల చెవులు సూపించుకోండ్రి" అన్నాడు. నీ చెవులే చూపించుకో పోవయ్యా అని నోటి చివరిదాకా వచ్చింది, మింగుకుని పైకొచ్చాను.

ఆ రోజే దీపాలు పెట్టే వేళకు పెద్ద సేటు నా గదికి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. టైంపీసును దగ్గరికి లాక్కుందామంటే తీగతో పాటు స్టూలు కూడా ఒళ్లోకి వచ్చింది. ఇద్దరం నవ్వాం. ముల్లు తిప్పి మోగించి చూశాడు, ఆపాడు. అది చెడిపోలేదని ఆయనకూ తెలిసింది, తెలిసిందని నాకూ తెలిసింది. నేను తల దించుకుని చొక్కాకు అంటిన దూది ఏరుకుంటూ కూర్చున్నాను.

"పొద్దుగాల ఏ బండి?" అన్నాడు.

"కేసముద్రం ప్యాసింజరు."

"సరె. పండుకో."

మర్నాడు కర్ర చప్పుడు లేదు. కొడుక్కు వినబడకుండా, తలుపు మీద గోళ్లతో తట్టి, గొంతు తగ్గించి పిలిచాడు. తలుపు తీస్తే నోటి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు, గోడ దూకిన పిల్లవాడిలా. ఆ తర్వాత రోజూ అదే వరస. ఆ మర్యాద నా ఒక్కడికేనని నేను లోలోపల పొంగిపోయాను.

సంక్రాంతి దాటాక పెద్ద సేటుకు జ్వరం వచ్చింది. మాకెవరికీ ఆ సంగతి తెలియదు. సేటుకు అనుమానం రాకుండా రోజూ ముల్లు పెట్టే ఉంచిన నా టైంపీసు తెల్లవారుజామున మోగింది, నెత్తిన కొట్టి పడుకున్నాను. పక్క గదిలోది మోగి ఆగింది. వరండా చివరి గదిలోదీ మోగి ఆగింది. నేను గోళ్ల చప్పుడు కోసం చూస్తూ దుప్పట్లో ఉండిపోయాను. ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అనుకుంటుండగానే కిటికీ తెల్లబడింది. స్టేషన్‌లో నా బండి కూత వేసి వెళ్లిపోవడం విన్నాను. అప్పుడు లేచి తలుపు తీశాను.

పక్క గది తలుపు కూడా అప్పుడే తెరుచుకుంది. అందులో మందుల కంపెనీ ఏజెంటు ఉండేవాడు. చివరి గదిలోంచి జంపఖానాలు కొనుక్కుపోయే వ్యాపారి తువ్వాలు కప్పుకుని బయటికొచ్చాడు. ముగ్గురం ఆ బండి మనుషులమే.

"మోగలేదండీ" అన్నాడు ఏజెంటు.

"నాది కూడ కొట్టలే" అన్నాడు వ్యాపారి.

"నాదీ అంతే" అన్నాను నేను.

వాళ్ల గడియారాలు మోగడం నేను విన్నాను. నాది మోగడం వాళ్లూ వినే ఉంటారు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేక ముగ్గురం వరండా గోడ పట్టుకుని రోడ్డు మీద పాలబ్బాయిలను చూస్తూ నిలబడ్డాం. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. నెలల తరబడి పక్కపక్క గదుల్లో ఉన్నాం, ఒక్కనాడు కలిసి చాయ్ తాగిన పాపాన పోలేదు. ముగ్గురం ఒకే ముసలాయన గొంతు కోసం దుప్పటి ముసుగేసుకుని కాచుకున్నాం. ఆ పొద్దున్న అయినా ఎవరో ఒకరం నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఎవరి గదిలోకి వాళ్లం పోయాం.

గడియారాలు మోగక బండి తప్పిందని చెప్పేసరికి సేటు మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "అన్ని గడియారాలు ఒక్కపారే ఎట్ల ఖరాబయితయి? నాకేమన్న పిచ్చా?" అన్నాడు. ముగ్గురు పాత గిరాకీలు ఒకే మాట మీద నిలబడితే వ్యాపారస్తుడు ఏం చేస్తాడు? తీగలు కోయించి టైంపీసులన్నీ కిందికి తీసుకుపోయి, స్టీలు గ్లాసుల పక్కన అమ్మకానికి పెట్టాడు. జ్వరం తగ్గిన పెద్ద సేటు మళ్లీ కర్ర పట్టుకుని వచ్చాడు. ఈసారి వరండా అంతా దద్దరిల్లేలా తలుపులు బాదాడు. నాకైతే పండగలా అనిపించింది.

తర్వాత ఇంకో రెండు సీజన్లు గడిచాయి. మిల్లువాళ్లు నన్ను ఆదిలాబాద్ కొనుగోళ్లకు మార్చారు. హైదరాబాద్ వెళ్లి, అక్కడి సామాను కూడా సర్దుకుని పోవాలి. చివరి రోజు పెద్ద సేటు గోడ పట్టుకుని వచ్చి లేపాడు. అప్పటికి ఆయనకు చూపు బాగా తగ్గింది. నేను తలుపు తీసి పెట్టె బయట పెట్టాను.

"ఆదిలాబాద్‌ల ఎవలు లేపుతరు?" అని అడిగాడు.

"గడియారం కొనుక్కుంటాను."

"ఇంటికాడ ఉన్నన్ని దినాలు కోడలు లేపుతదా? ఆమె సుత నా లెక్కనే గుంజి గుంజి లేపుతదా?"

ఇన్నేళ్లుగా ఆయన మనసులో నాకొక ఇల్లు, ఆ ఇంట్లో ఒక మనిషి ఉన్నారన్నమాట. నేనే ఉండనిచ్చాను. ఆ పూట ఎందుకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"లేదు పెద్ద సేటూ. పోయింది. ఇక్కడికి రాకముందే పోయింది."

"పిల్లలు?"

"లేరు. ఎవరూ లేరు."

అయ్యో అంటాడని భయపడి పెట్టె అందుకున్నాను. ఆయన అయ్యో అనలేదు. కోపం వచ్చింది ఆయనకు. అన్నేళ్లలో ఎన్నడూ లేనిది, నన్ను 'రా' పెట్టి పిలిచాడు.

"మరెందుకు పోతాన్నవ్‌రా? ఎవ్వలు లేని కాడికి గింత పొద్దుగాల లేసి ఎందుకు పోతాన్నవ్? పో. పోయి పండుకో."

కర్రతో నా గది తలుపు వైపు చూపించాడు. నేను ఉద్యోగం అన్నాను, బండికి టైమయింది అన్నాను. ఇంకేదో కూడా అన్నాను. ఆయన కర్ర దించలేదు. నేనే మెట్లు దిగాను.

ఆ రోజు బండి చాలా ఆలస్యమని స్టేషన్‌లో చెప్పారు. ప్లాట్‌ఫారం చివర నిలబడితే లాడ్జి మేడ కనిపిస్తుంది. పెట్టె మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాను, కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ. కావలసినంత టైముంది, వెనక్కి పోయి పడుకుంటే ఆపేవాళ్లు లేరు. పోలేదు. బండి వచ్చింది, ఎక్కాను.