నాకు పెళ్లాంగా వేసిన పెద్దాయన

డ్యూసెల్‌డార్ఫ్‌లో మా కింది ఫ్లోర్‌లో ఉండే మణిపురి పెద్దాయన ఒకసారి నాకు పెళ్లాంగా వేశాడు. అదీ మా ఆవిడ కళ్లెదుటే.

కొడుకు దగ్గర ఉండడానికి వచ్చిన ఆయన ఒకప్పుడు షుమాంగ్ లీలా నటుడు. అది మణిపూర్‌లో మైతీల వాకిటి నాటకం. స్టేజీ ఉండదు, తెర ఉండదు. నాలుగు వైపులా జనం కూచుంటారు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. వయసులో ఉండగా ఈయనే హీరోయినట. బుగ్గలు జారాక తండ్రి వేషాల్లోకి తోసేశారు. "ఇప్పుడు కడితే ఆడదాన్నని ఎవరైనా నమ్ముతారా?" అని వచ్చీరాని హిందీలో అడిగేవాడు. నవ్వుతూనే అడిగేవాడు గానీ, ఆ దిగులు ఆయన్ని లోపల తినేస్తోందని నాకు తెలుసు.

బిల్డింగ్ వాళ్ల సమ్మర్ పార్టీకి వెనక హోఫ్‌లో, అదే మా పెరట్లో, ఒక సీను ఆడతానన్నాడు. మొగుడి వేషానికి నన్ను పట్టుకున్నాడు. మీ భాష రాదు కదా అన్నాను.

"పెళ్లాం తిడుతుంటే మొగుడికి భాషతో పనేంటి?" అన్నాడు.

ఆ రోజు మా ఆవిడే ఆయన మొహానికి పౌడరద్ది, సవరం పెట్టి జడ వేసింది. కదలొద్దని "భయ్యా, భయ్యా" అంటూ కసురుతూనే ఉంది.

చెత్తడబ్బాలు పక్కకు నెట్టి, సైకిళ్ల మధ్య మొదలెట్టాం. ఆయన నా చుట్టూ తిరుగుతూ మణిపురిలో నిలదీశాడు. ఇంటికి ఎందుకు ఆలస్యమైందని కాబోలు.

"ఆఫీసుల మీటింగ్ ఉండె" అన్నాను తెలుగులో.

అబద్ధమని మా పాప జర్మన్‌లో అరిచింది. మొహం అటు తిప్పితే పై ఫ్లోర్ ముసలావిడ గుడ్లురుముతోంది. ఇటు తిప్పితే మా ఆవిడ. నాలుగు వైపులా జనముంటే మొగుడన్నవాడు ఎక్కడ దాక్కోవాలి?

అంతలో ఆయన తిట్టడం ఆపేశాడు. నా కాలరు సర్దుతూ చాలా నెమ్మదిగా ఏదో అడిగాడు. అర్థం తెలియకపోయినా నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. విసవిసా వచ్చి నన్ను పక్కకు నెట్టి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈ మనిషితోని నీకెందుకక్కా? పా, మా ఇంట్ల ఉందువు."

ఆ ఇల్లు నాది కూడానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన మా ఆవిడ చెయ్యి వదలకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాటకంలో ఆ ఏడుపు లేదు. ఆయన గెలిచాడని నాకు పట్టరాని సంతోషమేసింది. మా ఆవిడ మాత్రం మర్నాటి దాకా నాతో మాట్లాడలేదు.