గోలీసోడా దుకాణం, ఒక దివాలా దరఖాస్తు

నా పడుచు రోజుల్లో దివాలా తీయడమంటే పెద్దవాళ్ల పని. మిల్లు సేట్లు, గుత్తేదార్లు దివాలా తీసేవారు. మాబోటివాళ్లు రాత్రికి రాత్రి ఊరొదిలి పోయేవారు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, ఇరవై రెండేళ్ల వయసులో, సూర్యాపేటలో గోలీసోడా దుకాణం ముంచిన నాకు మాత్రం పారిపోవడం నామోషీ అనిపించింది. (వానలు ముంచాయని అందరికీ చెప్పాను. నిజానికి వచ్చిన ప్రతి స్నేహితుడికీ ఊరికే సోడా కొట్టిచ్చాను.) కోదాడ బియ్యం మిల్లు సేటుకు అప్పు, మిర్యాలగూడ బావకు అప్పు, రెండు పూటలా అన్నం పెట్టే పూటకూళ్ల అవ్వకు ఏడాది బాకీ. అప్పులున్న ఇంటికి పిల్లను కాపురానికి పంపేది లేదని చిలుకూరులో మా మామ భీష్మించుకు కూర్చున్నాడు. దివాలా తీస్తే అప్పులన్నీ ఒక్క దెబ్బకు పోతాయని ఎవరో చెప్పగా మిర్యాలగూడ వకీలు దగ్గరికి పరుగెత్తాను.

"దివాలంటే దుకాణానికి తాళమేసుడు గాదు. నీకున్నదంత రాయాలె. ఎవరికెంతియ్యాల్నో ఒక్క పేరు ఇడ్వకుంట రాయాలె. అదాలతు వాళ్లందరికి నోటీసులు పంపుతది. జడ్జి మంజూరు చేస్తే నీ సామానమ్మి తలా ఇంత పంచుతరు. ఇగ మిగిలిన బాకీకి నిన్నెవ్వరు పట్టుకోరు" అన్నాడాయన. "ఏమేమున్నయ్ నీకు?"

"సోడా మిషనొకటి, సీసలు తొంభై. అండ్ల పదకొండిట్ల గోలీల్లేవు సార్. అవి గూడ రాయాల్నా?"

వకీలు కలం ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "రాయాలె. దాస్తే జేలుకు పోతవ్."

దరఖాస్తు పెట్టినప్పటినుంచి బజార్లో నా నడకే మారిపోయింది. దివాలా తీసేవాడి దగ్గర ఎంతో కొంత దాచిన సొమ్ము ఉంటుందని జనం నమ్మకం. నన్ను చూసి గుసగుసలాడుతుంటే, సిగ్గుపడాల్సింది పోయి, ఉతికిన పంచె కట్టుకుని మరో చుట్టు తిరిగేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే అవ్వ దుకాణానికి వచ్చింది. చేతిలో ఉర్దూలో రాసిన అదాలతు కాగితం. కొంగుముడి విప్పి నాలుగు రూపాయలు బల్ల మీద పెట్టింది.

"చదివెటోళ్లు దొర్కలే బిడ్డా. అండ్ల నీ పేరు, నా పేరు ఉన్నయని కాయితం తెచ్చిన జవాను చెప్పిండు. నీకెప్పుడు బాకీ పడ్డనో నాకు యాదికొస్తలేదు. సర్కారు ఉత్తగనే రాయదు గద? ఇప్పటికివి ఉంచు. మిగిలింది జర నిమ్మలంగ ఇస్త. నన్ను జేల్ల మాత్రం పెట్టియ్యకు."

ఆ నాలుగు రూపాయలూ తిరిగి ఆమె చేతిలో పెట్టాను. "నువ్వు గాదవ్వా, నేనే నీకు బాకీ" అన్నాను.

"గా సంగతి నాకెర్కనే" అంది అవ్వ. "దానికి సర్కారెందుకు?"

మరునాడే పోయి దరఖాస్తు వాపసు తీసుకున్నాను. (వకీలు ఫీజుతో అప్పులు మూడు కాస్తా నాలుగయ్యాయి.) దివాలా తీయడం కూడా చేతకానివాడని మామ ఊరంతా చాటాడు. అప్పులన్నీ తీరి నా భార్య కాపురానికి రావడానికి మరో రెండేళ్లు పట్టింది.

పంచె మెరిపించుకుంటూ తిరిగిన ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. అవ్వకు ఆఖరి రూపాయి ఇచ్చినరోజు ఆమె లెక్క చూసుకోలేదు. రూపాయి కొంగున ముడేసుకుంటూ, "తిన్నవా?" అని అడిగింది.