సీమపంది పిల్లలు, కోరుట్ల అవ్వ

నేను కాపురానికి వచ్చిన పన్నెండేళ్లలో మా అత్త నా మీద గొంతెత్తింది ఒక్కసారే. ఎనిమిది సీమపంది పిల్లలను ట్రాలీ ఆటోలోంచి మా పెరట్లో దింపించిన రోజున.

"పందులా? ఇగ మనింట్ల ఎవలన్న నీళ్లు ముడుతరా?" అంది.

మా ఆయన దుబాయిలో ఉంటాడు. మల్యాల దగ్గర మాకున్న అరెకరంలో వరితో ఇల్లు గడవదు. మాంసానికి పందులు పెంచడం ఎలాగో జగిత్యాల వెళ్లి నాలుగు రోజులు నేర్చుకుని వచ్చాను. ఆయన ఫోన్‌లో సరేనన్నాడు, అత్తను ఒప్పించే పని మాత్రం నాకే వదిలేశాడు. నావల్ల కాలేదు. ఆమె పెరటి వైపు రావడమే మానేసింది.

వాసన వస్తుందని ఎవరూ అనకూడదని నా పట్టుదల. పొద్దున, సాయంత్రం పైపు పెట్టి షెడ్డు కడిగేదాన్ని. ఇంటి వంటగది కూడా అంత శుభ్రంగా ఉంచలేదేమో.

పది రోజులకు ముసురు పట్టింది. పిల్లలకు విరేచనాలు మొదలయ్యాయి. పశువుల డాక్టరు మందు రాసిచ్చాడు. వేస్తే ఒకరోజు తగ్గేవి, మళ్లీ మామూలే. అన్నిటికన్నా చిన్నది నా ఒళ్లోనే పోయింది. ఏడుస్తూ పిల్లలను అమ్మిన ఆయనకు ఫోన్ చేశాను. కోరుట్లలో ముత్తాతల నాటి నుంచి పందులు పెంచే ఇంటి అవ్వ ఒకామె ఉంది, ఆమెను పిలిపించుకోమన్నాడు.

మర్నాడే అవ్వ బస్సు దిగి వచ్చింది. పిల్లల వంక చూడనైనా చూడకుండా చెప్పులు విడిచి, అరికాలు షెడ్డు సిమెంటు నేలకు ఆనించింది.

"రోజు కడుగుతున్నవా బిడ్డా?"

"రెండుసార్లు కడుగుతున్న అవ్వా. వాసన రావద్దని."

"వాసన నీకొస్తున్నదా, ఊరోళ్లకొస్తదని భయమా?"

నా చూపు షెడ్డు పక్కన చుట్టి పెట్టిన పైపు మీదికి పోయింది.

"గీ ముసురుల గా సిమెంటు ఎప్పుడు ఆరాలె? పొట్ట కింద సల్లగుంటే పిల్లలు బతుకయి. ఎన్ని మందులు పోసినా గంతే."

నా సిగ్గు కొద్దీ నేను పోసిన నీళ్లే వాటిని చంపుతున్నాయి. తర్వాత ఇద్దరం నేల తుడిచి, ఊక పోసి, మీద వరిగడ్డి మందంగా పరిచాం. జల్లు కొట్టే వైపు గోనెసంచులు కట్టాం. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఒక్కోదానికి ఎలా తాపాలో అవ్వ చూపించింది. కాళ్లు పట్టి ఎత్తనిచ్చేది కాదు. పొట్ట కింద చెయ్యి వేసి, పసిపిల్లను తీసుకున్నట్టే తీసుకోవాలి.

మధ్యాహ్నం అన్నం పెట్టబోతే, అవ్వ ఎవరూ చెప్పకుండానే కంచం తీసుకుని పెరట్లో చూరు కింద కూర్చుంది. సగం వీపు తడుస్తోంది. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది.

"గా వానల కూసున్నవేంది? లోపటికి రా," అంది అత్త.

"వద్దమ్మా. పందుల కాడికెళ్లి అచ్చిన."

"నా కోడలు రోజు ఆడికెళ్లే అస్తది. దాన్ని బయట కూసోవెడుతున్ననా?"

అవ్వ నా ముఖం చూసింది. నేను కంచం అందుకుని లోపల పెట్టాను. ముగ్గురం కూర్చుని తిన్నాం. అత్త ఆమెకు రెండోసారి పప్పు వడ్డించింది.

మూడు రోజులకు విరేచనాలు ఆగాయి. మిగిలిన ఏడూ మక్కపిండి, తవుడు తిని ఎండాకాలానికి నా నడుమెత్తు పెరిగాయి. సిరిసిల్ల నుంచి మాంసం కొట్టు వాళ్లు వచ్చిన రోజున అవ్వ చెప్పినట్టు, దారిలో కక్కుకోకుండా మేత ఆపి నీళ్లే పెట్టాను. అవి బండిలో ఎక్కుతుంటే చూడలేక పక్కకు తిరిగాను. పెంచింది అందుకేనని తెలుసు. తెలిసినా అంతే. ఖాళీ షెడ్డు ఊడవడానికి రెండు రోజులు మనసు రాలేదు.

మూడో రోజు అత్తే చీపురు పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. "మల్ల ఎన్నడు తెస్తవు?" అని అడిగింది.

పోయిన వారం కొత్త పిల్లలను ఎంచడానికి కోరుట్లలోని పందుల ఫారానికి వెళ్లాను. అవ్వ అక్కడికే వచ్చింది. అత్త కూడా నాతో బస్సెక్కింది. ఫారంలో కమ్మీల మధ్య నుంచి కాసేపు తొంగిచూసి, తోసుకుంటూ ముందుకొచ్చిన ఒక పిల్లను వేలితో చూపించింది.

"గది మంచిగున్నది. ఏమంటవక్కా?"

అవ్వ దాని పొట్ట కింద చెయ్యి వేసి పైకెత్తింది.