సాంబయ్య పేరు ముందు ఒక్క అక్షరం

"వచ్చే నెల నీ వైవా పెట్టిస్త, కోటు కుట్టించుకో" అని మా ప్రొఫెసర్ సాంబయ్యతో అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. సాంబయ్య కోటు కుట్టించుకున్నాడు. ముప్పై ఏళ్లయినా ఆ నెల రాలేదు. సిరిసిల్ల నేత కార్మికుల వలసల మీద అతను రాసిన పీహెచ్‌డీ పరిశోధనను, రచయితగా ముందు తన పేరు పెట్టుకుని పుస్తకం వేద్దామన్నాడు ప్రొఫెసర్. సాంబయ్య ఒప్పుకోలేదు. ఆ తర్వాత వైవా మాటే ఎత్తలేదాయన. నేను లెక్చరర్‌నై జగిత్యాల చేరాను, సాంబయ్య మళ్లీ మరమగ్గాల దగ్గరికి వెళ్లాడు. పోయిన వారం చనిపోయాడు. దశదినకర్మ ఫ్లెక్సీ మీద పేరుకు ముందు 'డా.' అని పెట్టొచ్చా అని కూతురు లావణ్య నాకు ఫోన్ చేసింది. జవాబు చెప్పాల్సినవాడు కోరుట్లలో ఉన్నాడని బయలుదేరాను.

జగిత్యాల నుంచి కోరుట్లకు పొద్దున బస్సులు వరసగా దొరుకుతాయి, ముప్పావుగంట ప్రయాణం. ప్రొఫెసర్ గారి గేటు మీద ఇత్తడి పలకలో పేరు కన్నా డిగ్రీలు పొడవు.

"సాంబయ్యనా... ఏ బ్యాచ్?" అన్నాడు. గుర్తు చేశాను. పరీక్షకుల రిపోర్టులు మంచిగానే వచ్చాయని ఆ పిల్లకు ఫోన్‌లో ఒక్క మాట చెప్పమన్నాను.

"పోయినోని పేరు ముంగట ఏముంటే ఏందయ్యా? చాయ్ తాగు."

తాగకుండా వచ్చేశాను.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ చేరి అక్కడ మారాను. టికెట్లు రెండూ కలిపి నూటయాభై లోపే. సిరిసిల్లలో ఆటో అతనికి వీధి పేరు చెప్పగానే, "డాక్టర్ సాంబన్న ఇంటికా?" అన్నాడు.

"డాక్టరని ఎవరన్నరు?"

"అందరంటరు సార్. సూదిచ్చే డాక్టర్ గాదు. జెరమచ్చిందని పోతె పుస్తకమిచ్చేటోడు." నవ్వబోయి ఆగిపోయాడు. "మంచోడుండె."

లావణ్య ఫోన్‌లో ఫ్లెక్సీ నమూనా చూపించింది. "పెద్దబాపూ, ఆయనేమన్నడు?"

"ఆయనతోని పనేంది? పెట్టు బిడ్డా. గా అక్షరం మీ బాపుదే."

ఆమె ఫోను పక్కన పెట్టింది. "గణేశుని చందా రసీదు మీద పోరలు డాక్టరని రాస్తె బాపు కొట్టేయించిండు. యూనివర్సిటోళ్లియ్యంది నేనెట్ల రాసుకుంట అన్నడు. ఇప్పుడు బాపు లేడని నేను రాయల్నా?"

తీసేయమని షాపుకు తనే ఫోన్ చేసింది. సాయంత్రం ఫ్లెక్సీ వచ్చింది. అక్షరం తీసినవాడు పేరును మధ్యకు జరపడం మరిచాడు. సాంబయ్య పేరుకు ఎడమవైపు ఖాళీ అట్లాగే మిగిలింది. గోడకు అట్లాగే కట్టాం.

విశ్వవిద్యాలయాలు మనుషులకు ఏమిస్తాయో చాలా పుస్తకాల్లో చదివాను. ఇవ్వకుండా అట్టిపెట్టుకున్న వాటి గురించి ఎవరూ రాయలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లు కోరుట్లలో పొద్దున్నే బస్సెక్కండి. వేములవాడ దాకా చేరితే సిరిసిల్లకు బస్సు ఎప్పుడైనా దొరుకుతుంది. ఇంటికొచ్చాక, ఇన్నేళ్లకైనా కోపం తగ్గిందా అని మా ఆవిడ అడిగింది. తగ్గలేదు. సాంబయ్య పేరు పక్కన ఆ ఖాళీ పెట్టినవాడు ప్రొఫెసర్ మాధవరావు.