గోదారిలో కలిసిన త్రిశూలాలు

మొన్న ఖమ్మంలో మా ఇంటికి వచ్చిన మేనకోడలు, క్వాంటమ్ ఫిజిక్స్ పుస్తకంలోని ఒక లెక్కను ఫోనుతో ఫొటో తీసి, నేను కళ్లజోడు వెతుక్కునేలోపే జవాబు చూపించింది. ఆ లెక్కను చూడగానే పాత శత్రువు ఎదురుపడ్డట్టయి, నవ్వాగలేదు నాకు.

అప్పట్లో నేను భద్రాచలంలో బడి పంతులమ్మను. డిస్టెన్స్‌లో ఎమ్మెస్సీ చదువుతూ క్వాంటమ్ పేపరు ఒకసారి తప్పి, మళ్లీ తప్పితే కాలేజీ ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందేనన్న భయంతో, ఆ పుస్తకంలోని లెక్కలన్నీ వరసగా చేసి తీరాలని పట్టుబట్టాను. వాటిలో ఒకటి, ఎక్కే శక్తి లేని గోడను ఒక కణం దాటి అవతల తేలే అవకాశమెంత అని అడిగేది. ఏ అవకాశమైనా ఒకటికి మించకూడదు కదా, నాకు మాత్రం తొమ్మిది రోజులు కుస్తీ పట్టినా ఒకటిన్నరే వచ్చేది. అంటే వందసార్లు గోడ మీదికి పోయిన కణం నూటయాభైసార్లు దాటేస్తోందన్నమాట!

మా ఇంటి ఓనరమ్మ ఏళ్ల తరబడి రామకోటి రాస్తుండేది. క్వాంటమ్ లెక్కల్లో అడుగడుగునా వచ్చే ‘సై’ అనే గ్రీకు అక్షరం అచ్చం త్రిశూలంలా ఉంటుందని, మనలో ఆ చదువు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ త్రిశూలాలను ఆమె ఎప్పటి నుంచి గమనిస్తోందో నాకు తెలియదు. పరీక్ష మూడు వారాలుందనగా, తమ్ముడి పెళ్లిచూపులకు కల్లూరు వెళ్లి రెండు రోజులకు తిరిగొస్తే, బల్ల మీది నా లెక్కల నోటుబుక్కులు నాలుగూ లేవు. అడిగితే ముందు చేతిలో ప్రసాదం పెట్టింది.

“నా రామకోటి అయిపోయింది బిడ్డా, గుళ్లె ఇచ్చొచ్చిన. నీ శివకోటి గూడ నిండింది గదా! శివయ్యవి రాములోరి గుళ్లె తీసుకుంటరో లేదోనని, పసుపు కుంకుమ పెట్టి గోదారిల కలిపిన. గన్ని త్రిశూలాలు రాసుడంటే మాటలా!”

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి గానీ, ఆమె ముఖంలోని సంతోషం చూసి ప్రసాదంతో పాటే వాటినీ మింగేశాను. కొత్త నోటుబుక్కు కొనుక్కొచ్చి మొదటి లెక్క నుంచి మొదలుపెట్టాను. రెండో శివకోటి అనుకుందేమో, ఆమె వేళకు చాయ్ అందిస్తూ, గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లను “జల్దీ పోండ్రి, బిడ్డ రాసుకుంటాంది” అని గొంతు తగ్గించి తరిమేసేది. పదమూడో రోజున గోడ లెక్క దగ్గరికి వచ్చాను. చూసి ఎక్కించుకోవడానికి పాత నోటుబుక్కు లేదు కాబట్టి మొదటి వరస నుంచి ఆలోచించక తప్పలేదు. అక్కడే, ఇన్నాళ్లూ నేను వదిలేస్తూ వచ్చిన ఒక మైనస్ గుర్తు దొరికింది. జవాబు ఒకటికి లోబడగానే గట్టిగా కేక పెట్టాను. ఆమె పరుగెత్తుకొచ్చి చేతులు జోడించింది.

“కనవడ్డడా బిడ్డా?”

“అవ్ అమ్మా,” అన్నాను.

పాసయ్యాక మిఠాయి పెట్టి నిజం చెప్పాను. “అయ్యో, గట్లనా! మరి గానాడు ఒక్కమాట గూడ అనకపోతివేంది?” అంటూ కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత కాలేజీలో ఎంతోమందికి ఆ లెక్క చెప్పాను. ఇప్పుడు పుస్తకాలకూ జవాబులకూ కరువు లేదు. తెగని లెక్క ముందు రోజుల తరబడి కూర్చున్న మనిషిని చూసి, అదేమిటో తెలియకపోయినా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లే కనబడటం లేదు.